రెండడుగులే కదా!

కొల్లేరు అభయారణ్యం హద్దును అయిదవ కాంటూరు నుండి మూడవ కాంటూరుకు కుదించాలనే వాదం కొల్లేటి చాంతాడులా సాగుతూనే ఉంది. 2008లో నాటి ఉమ్మడి రాష్ట్ర శాసనసభ ఆ మేరకు తీర్మానం చేసింది. ఆ తరువాత కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కుదింపు కూడదని తేల్చింది. అయినా కోరిక చావలేదు. ఎన్నికల ఋతువు వచ్చిందంటే పార్టీభేదం లేకుండా చిగురిస్తుంది.

నా దగ్గర ఛందస్సు చదువుకొని, పరీక్ష ముగిసిన మరునాడే దానిని మరచిపోయి, చేపల చెరువుల వ్యాపారంలో బాగుపడిన పూర్వవిద్యార్థి ఒకరున్నారు. ఈమధ్య కలిసినప్పుడు ఈ ప్రస్తావన వచ్చింది. “మాస్టారూ, రెండడుగులే కదా! దానికింత రాద్ధాంతమెందుకు? చెరువులో ఉన్నదీ నీరే, కొల్లేటిలో ఉన్నదీ నీరే. పైపెచ్చు మా చెరువుల్లోనే చేపలెక్కువ. పక్షులు కూడా మా గట్ల చుట్టూనే తిరుగుతున్నాయి. ఇక పోయిందేమిటో మీరే చెప్పండి” అన్నాడు. అడిగిన తీరులో వినయానికి లోటు లేదు. వాదంలోనే లోటంతా ఉంది. అతనొక్కడి మాటే అయితే అక్కడే సమాధానం చెప్పి ఊరుకునేవాణ్ణి. చదువుకున్నవారు, పత్రికలలో వ్యాసాలు వ్రాసేవారు కూడా ఇదే మాటను కొంచెం సంస్కృతం కలిపి చెబుతున్నారు కనుక ఈ టపా.

ముందు రెండడుగుల లెక్క తేల్చుకుందాం. సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తున గీసిన గీత లోపల కొల్లేటి విస్తీర్ణం సుమారు 308 చదరపు కిలోమీటర్లు. మూడడుగుల గీత లోపల 135. తీసివేయగా 173. నిలువున రెండడుగులు; నేలమీద పరిస్తే సరస్సులో సగానికి పైగా. కొల్లేరు కడవ కాదు, పళ్ళెం. కడవలో నీరు జానెడు తగ్గినా అంచు ఉన్నచోటనే ఉంటుంది. పళ్ళెంలో వేలెడు తగ్గితే అంచు ఎంతో దూరం వెనక్కు జరుగుతుంది. పదవ కాంటూరు వరకు లెక్కిస్తే ఈ సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ జాబితాకు ఎక్కినది ఆ కొలతతోనే. 1999 అక్టోబరులో అభయారణ్యంగా ప్రకటించిన నాడే దానిలో మూడోవంతుకు మాత్రమే హద్దు గీశాము. ఇప్పుడు అడుగుతున్నది ఆ మూడోవంతులో సగం. ‘రెండడుగులు’ అన్నమాట వినగానే వామనుడు గుర్తుకు వస్తే తప్పు నాది కాదు.

“నీరెక్కడున్నా నీరే” అన్న రెండవ మాటకు వస్తాను. ఈ మాటకు బీజం వ్యాపారంలో కంటె బడిలోనే పడిందని నా అనుమానం. జీవశాస్త్రం తరగతిలో నల్లబల్లమీద ఒక నిలువుగీత గీస్తారు. ఎడమవైపు జీవ కారకాలు: మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు. కుడివైపు నిర్జీవ కారకాలు: నీరు, నేల, గాలి, వెలుతురు, ఉష్ణోగ్రత. పిల్లలు రెండు పట్టికలూ వల్లెవేసి రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఆ నిలువుగీత మాత్రం జన్మాంతం వాళ్ళ బుర్రలో మిగిలిపోతుంది. నీరు కుడివైపు పట్టికలోని ఒక వస్తువు కనుక ఎక్కడ పోసినా అదే వస్తువు అనిపిస్తుంది. చేప ఎడమవైపు పట్టికలోని వస్తువు కనుక లెక్కపెడితే చాలుననిపిస్తుంది.

‘నిర్జీవ’ అన్న పదమే నాకు గిట్టదు. నిర్గతమైన జీవం కలది నిర్జీవం. ఒకప్పుడు ప్రాణముండి పోయినది, అంటే శవం. కొల్లేటి అడుగున ఉన్న బురదకు ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎన్నడూ కొల్లేటిలో కాలు పెట్టి ఉండడు. గుప్పెడు బురద తీస్తే అందులో సగం కుళ్ళిన నాచు, నత్తల పెంకులు, పురుగులు, కంటికానని సూక్ష్మజీవరాశి. దాన్ని ఏ పట్టికలో వేయాలి? ‘జడం’ అన్నా కొంత నయం. ‘ఆవరణ వ్యవస్థ’ అని మనం అనువదించుకున్న మాటను 1935లో ఆర్థర్ టాన్‌స్లీ అనే ఆంగ్ల వృక్షశాస్త్రజ్ఞుడు ప్రయోగంలోకి తెచ్చినదే ఈ విభజనను కాదనడానికి. జీవులనూ, అవి బ్రతికే పరిసరాలనూ వేరుచేయరాదు, రెండూ కలిసి ఒకే వ్యవస్థ అని ఆయన ప్రతిపాదన. ఆ మాటను తెచ్చుకుని, దాని కిందనే గీతగీసి రెండు పట్టికలుగా చీల్చిన ఘనత మనది.

పట్టికలు వదలి సరస్సు చూద్దాం. కొల్లేటి అంచున నేల చాల మెల్లగా వాలుతుంది. ఆ వాలులోనే పక్షుల పంపకం జరుగుతుంది. చిన్న ఉల్లంకిపిట్ట అంగుళం లోతు నీటిలో, తడిమట్టిలో ముక్కుతో పొడుచుకుంటుంది. తెల్లకొంగ జానెడు నీటిలో నిలుస్తుంది. పెద్దకొంగలు మోకాలిలోతుకు వెళతాయి. అంతకు మించిన లోతు నీటికాకిది, గూడబాతుది. ఎవరి కాలిపొడవును బట్టి వారి వాటా. తగవు లేదు, దస్తావేజు లేదు. ఇక చేపల చెరువును చూడండి. గట్టు నిటారుగా దిగుతుంది. గట్టుమీద పొడినేల, గట్టు దిగితే మనిషి మునిగే నీరు. నడుమ అంగుళమూ లేదు, జానా లేదు, మోకాలిలోతూ లేదు. నీరుంది, నిలవడానికి చోటు లేదు. వాలు అన్నది పుస్తకంలో ‘నిర్జీవ కారకం’. దాన్ని గడ్డపారతో చెక్కేస్తే ఎడమవైపు పట్టికలో ఎన్ని పేర్లు కొట్టివేయాలో ఆ పుస్తకం చెప్పదు.

వాలు కంటె సూక్ష్మమైనది కాలం. కొల్లేరు ఏడాది పొడుగునా ఒక్కలాగ ఉండదు, ఉండకూడదు. వానకారులో పొంగుతుంది, ఎండకారులో కుంచించుకుపోతుంది. నీరు తీసిన మేర నేల బీటలు వారుతుంది. గాలి లోపలికి చొరబడి, పోయిన ఏటి కుళ్ళు ఎరువుగా మారుతుంది. గడ్డి మొలుస్తుంది, గొడ్లు మేస్తాయి, పేడ వేస్తాయి. తొలకరి తరువాత బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్ళు తెచ్చి ఆ నేలను మళ్ళీ ముంచగానే, నిలవచేసిన సారమంతా నీటిలోకి దిగి సూక్ష్మజీవులు విజృంభిస్తాయి. సరిగ్గా ఆ వేళకే కొర్రమీను, మట్టగిడస వంటివి పలుచని నీటిలోని గడ్డిదుబ్బుల నడుమకు వచ్చి గుడ్లు పెడతాయి. కొర్రమీను తన పిల్లలను కాచుకుని తిరుగుతుంది. పిల్లలకు ఆ సూక్ష్మజీవులు మేత. కిక్కిస, తుంగ, జమ్ము వాటికి దాగుడుచోటు. ఈ పురుడు జరిగే గది ఏదనుకున్నారు? మూడవ కాంటూరు నడిబొడ్డు కాదు. ఏటేటా ముణిగి తేలే ఆ పై రెండడుగులే! మూడవ కాంటూరు వరకు కొల్లేరు మిగిల్చామని చెప్పడం, వంటిల్లూ పురిటిగదీ పడగొట్టి నట్టింటిని భద్రపరిచామని చెప్పడం వంటిది.

నిలువున కొద్ది తేడా ఎన్ని జీవులను శాసిస్తుందో తెలిపే ప్రఖ్యాతమైన పరిశీలన ఒకటి ఉంది. స్కాట్లండులోని కంబ్రే ద్వీపంలో సముద్రపు రాళ్ళకు రెండు జాతుల గుల్లజీవులు అంటిపెట్టుకుని ఉంటాయి. ఒకటి ఎప్పుడూ రాయి పైభాగాన, రెండవది కింద. జోసెఫ్ కానెల్ 1961లో ప్రకటించిన ఫలితాల సారమిది: కిందిజాతిని ఏరివేస్తే పైజాతి కిందకూడా హాయిగా బ్రతికింది. అంటే దాని కింది హద్దును గీసినది పొరుగుజీవి. కిందిజాతి మాత్రం పైకి పోలేదు; ఆటుపోట్ల నడుమ తగిలే ఎండకు ఎండి చచ్చిపోయింది. దాని పైహద్దును గీసినది ఎండ. ఒకే రాతిమీద, మనిషి ఎత్తుకు లోపుగా, ఒక హద్దును ప్రాణమున్నదీ ఇంకొక హద్దును ప్రాణంలేనిదీ గీశాయి. కాంటూరు గీతలు సర్వే అధికారి కలం సృష్టించినవనుకునేవారు ఆ రాయిని తలచుకోవాలి.

నా శిష్యుడు ఇవేవీ తెలియని అమాయకుడు కాడు. తన చెరువు విషయంలో అతడు మహాపండితుడు. మబ్బుపట్టిన రోజు వరుసగా రెండు వస్తే అతనికి కంటిమీద కునుకుండదు. ఎందుకు? పచ్చనీటిలోని శైవలానికి పగలు వెలుతురు చాలక ప్రాణవాయువు తక్కువ పుడుతుంది. రాత్రి ఆ శైవలమూ చేపలూ అడుగున కుళ్ళే మేతా కలిసి ఉన్నదంతా పీల్చేస్తాయి. తెల్లవారుజామున చేపలు నోళ్ళు తెరుచుకుని పైకి తేలుతాయి. అప్పుడు ఏరియేటర్లు తిప్పడానికి పరుగులు. మబ్బుకూ చేపకూ సంబంధముందని నల్లబల్ల పట్టికలో లేదు. అతని బ్యాంకు పుస్తకంలో ఉంది. తన పది ఎకరాలలో ఇంత సూక్ష్మంగా చూచే కన్ను గట్టు దాటగానే ఎందుకు మూసుకుపోతుంది?

గట్టు దాటాక జరిగేది అదే. చెరువులో వేసిన తవుడు, చెక్క, కోళ్ళపెంటల మిగులు కాలువల ద్వారా సరస్సులోకి వస్తుంది. పట్టణాల మురుగు, పొలాల ఎరువు దానికి తోడు. లోతు తక్కువైన సరస్సులకు రెండు స్థిమితమైన దశలుంటాయని డచ్చి శాస్త్రజ్ఞుడు మార్టెన్ షెఫర్ ప్రభృతులు 1990లలో నిరూపించారు. ఒకటి తేటనీరు: వెలుతురు అడుగుదాకా దిగుతుంది, అడుగున మొక్కలు పెరుగుతాయి, వాటి వేళ్ళు బురదను పట్టి ఉంచుతాయి, కనుక నీరు ఇంకా తేటబడుతుంది. రెండవది మడ్డినీరు: ఎరువు ఎక్కువై శైవలం కమ్ముతుంది, వెలుతురు ఆగుతుంది, అడుగుమొక్క చస్తుంది, పట్టులేని బురద గాలికి లేస్తుంది, కనుక నీరు ఇంకా మడ్డి అవుతుంది. బంగారుతీగ వంటి అడుగుమేత చేప తోడైతే బురదను నిత్యం కెలికి ఆ పనిని త్వరపరుస్తుంది. చేప వెలుతురును మార్చింది, వేరు నీటిని మార్చింది! ఒక దశనుండి రెండవ దశకు పడిపోవడం తేలిక. తిరిగి రావడానికి ఎరువును పాతమట్టానికి తగ్గిస్తే చాలదు, అంతకంటె ఎంతో తగ్గించాలి. ఇక గుర్రపుడెక్క సంగతి అందరూ ఎరిగినదే. దక్షిణ అమెరికా నుండి వచ్చిన ఈ అతిథికి మనం వేసిన విస్తరి ఆ మురుగే. తీసివేయడానికి యంత్రాలు కొంటాము, విస్తరి మాత్రం ఎత్తము.

ఇక్కడ ఒక భాషావిషయం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, ఉప్పుటేరు, కొల్లేరు. వ్యుత్పత్తులు ఎలా ఉన్నా అన్నింటి చివరా చెవికి వినిపించేది ‘ఏరు’. చెరువు అన్న మాటలో ఆ పారుదల లేదు. సరస్సు నుండి సముద్రానికి పోయే ఒకే దారి ఉప్పుటేరు, సుమారు 60 కిలోమీటర్లు. శత్రుసేన కొల్లేటికోటను పట్టుకోవడానికి సరస్సును ఖాళీచేయబూని దీన్ని తవ్వించిందని స్థలకథ. కథ నిజమో కాదో నాకు పట్టదు. కొల్లేటి ప్రాణం దాని ముఖద్వారంలో ఉందని కథ అల్లినవారికి తెలుసు. అదే నాకు ముఖ్యం. ఉప్పుటేరు ఇరుదారి. వరదకు మంచినీరు కిందికి, వేసవి పోటుకు ఉప్పునీరు పైకి. పైనుండి మంచినీటి ఒత్తిడి ఉన్నంతకాలం ఉప్పు దూరాన నిలుస్తుంది. పూడిక పేరుకుని, ఇరుగట్లూ ఆక్రమణలతో ఇరుకై, పైనుంచి వచ్చే నీరు గట్లచాటున బందీ అయినప్పుడు ఉప్పు పైకి ఎగబాకుతుంది. తామరకు, మంచినీటి నత్తకు ఉప్పు సయించదు. నత్త పోతే నత్తగుల్లకొంగకు పని లేదు. ఆ కొంగ ముక్కు నడుమ సందు ఉంటుంది, చూశారా? నత్తలను తినడానికి అనువైన ముక్కది. సముద్రపు పోటు, నత్త పెంకు, కొంగ ముక్కు ఒకే వాక్యంలోని మాటలు. అన్వయం చూడకుండా ప్రతిపదార్థం చెబితే పద్యం బోధపడుతుందా?

గూడబాతుల వాదం చివరిది; బలమైనదీ అదే. కైకలూరు దగ్గర ఆటపాకలో గూడబాతులు ఏటా గూళ్ళు కడుతున్నాయి. చెట్లు చాలక అటవీశాఖవారు ఇనుప స్టాండ్లు నిలబెడితే వాటిమీద కూడ కట్టాయి. చుట్టుపక్కల చెరువుల చేపలను అవి తింటున్న మాటా నిజమే. దీనిని నేను దాచను. కాని ఈ సాక్ష్యం ఎవరి పక్షాన ఉంది? పెద్దముక్కుతో, ఈదుతూ, చేపను మాత్రమే తినే పక్షికి లోతైన చేపలనీరు ఇచ్చారు, అది బ్రతికింది. పరిసరాలు జీవసముదాయాన్ని ఎంచుకుంటాయన్న సిద్ధాంతానికి ఇంతకంటె నిదర్శనం వద్దు. చెరువు తనకు సరిపడినవాటిని ఉంచుకుని తక్కినవాటిని వెళ్ళగొట్టింది. ఒక పక్షి సంఖ్య సముదాయం కాదు. పెళ్ళిలో ఒకే చుట్టం వందమంది అనుచరులతో వస్తే బంధువులందరూ వచ్చినట్లా?

“చేపలెక్కువ” అన్నదీ ఇలాంటిదే. బొచ్చె, శీలావతి, గడ్డిచేప, రూప్‌చంద్, పంగస్: వేళ్ళమీద ముగుస్తాయి. పిల్లను వదిలేముందు ఇప్పచెక్క చల్లి కొర్రమీనును, జెల్లను, ఇంగిలాయిని తుడిచిపెట్టడం మొదటి మెట్టు. మిగిలినది బరువు. బరువు ఎక్కువే, ఒప్పుకుంటాను. జర్మనీలో కార్ల్ మోబియస్ అనే ఆచార్యుని ముందు ఇదే ప్రశ్న వచ్చింది: మన తీరంలోనూ ఆయిస్టర్లను పండించగలమా? ఆయన తీరమంతా పరిశీలించి, ఆయిస్టరు ఒంటరి కాదు, దానితో పాటు బ్రతికే అనేక జీవులూ, నేలా, ఉప్పూ, వేడిమీ కలిసి దాని సంఖ్యను నిర్ణయిస్తాయని చెప్పాడు. ఫ్రాన్సులో అతిగా ఏరుకున్నచోట ఇతర గుల్లలు వచ్చి ఆ స్థానాన్ని ఆక్రమించిన సంగతిని ఎత్తిచూపాడు. ఆ సముదాయానికి పేరు లేక 1877లో ‘బయోసెనోసిస్’ అన్న మాట పుట్టించాడు. ఈ శాస్త్రంలోని మూలపదాలలో ఒకటి వ్యాపారపు ప్రశ్నకు జవాబుగా పుట్టింది. పక్షులమీద ప్రేమతో పొద్దుపుచ్చే కవులు కల్పించినది కాదు.

“మరి మనుషుల మాటేమిటి?” అని అడిగేవారికి నా జవాబు వేరుగా ఉండదు. లంకగ్రామాల వారు ఆ సముదాయంలోని వారే. తాటిదోనె మీద పోయి మావులు వేసి చేపపట్టినవాడు కొల్లేటి ఋతువులను ఏ పుస్తకం కంటెనూ బాగా ఎరుగును. నీరు తీసిన నేలలో ఒక పంట వరి వేసుకున్నవాడూ అంతే. గట్లు లేచాక జరిగిందేమిటి? పేరు సొసైటీది, గట్టు లీజుదారుది. దోనెవాడు తన సరస్సులోనే కూలివాడయ్యాడు. కాంటూరు దిగితే తనకు భూమి వస్తుందని వానికి ఆశచూపుతున్నారు. అనుభవం చూస్తే ఆ భూమి చేరేది ఎవరికో చెప్పనక్కరలేదు.

వరద సంగతీ చూడాలి. రెండు డెల్టాల నడుమ పల్లంలో ఉన్న కొల్లేరు వరదకు తొట్టి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. ఆ మునకకంతటికీ కొల్లేటి గట్లే కారణమని నేననను. వెలగలేరు దిగువన కాలువకు గండ్లు పడటం అందరూ చూసినదే. అయితే బుడమేరు నీరు చివరకు దిగవలసినది కొల్లేటిలోకి. పళ్ళెం అంచున గట్లు పోస్తే ఆ నీరు ఆగేది లంకల ఇళ్ళలోనూ, అయిదవ కాంటూరు పైనున్న వరిరైతు పొలంలోనూ. ఆ రైతు పేరు కుదింపు వాదంలో ఎవరూ ఎత్తరు.

2006లో చెరువుల గట్లను పెద్దయెత్తున పగలగొట్టారు. గట్టు తెగినచోట నీరు తన వాలును వెదుక్కుంది, పక్షులు దిగాయి. కాని కూలిన గట్టుతో పాటే కూలి పోయిన పేదకు బ్రతుకుతెరువు సరిగా చూపలేదు. అందువల్లనే గట్లు మళ్ళీ లేచాయి, లేపినవారికి జనబలమూ దొరికింది. గట్టు తీయడమూ, తెరువు చూపడమూ ఒకే పని కావాలి. ఉప్పుటేరు పూడిక తీయాలి. మురుగు శుద్ధికాకుండా ఏరులో కలవకూడదు. మావులతో, దోనెలతో చేపపట్టే హక్కు లంకవారి చేతిలో ఉండాలి, లీజుకు ఇచ్చే వీలు లేకుండా. ఇవి చేయకుండా గీత ఎక్కడ గీయాలన్న చర్చ నాకు రుచించదు.

నా శిష్యునికి ఈ టపా లంకె పంపుతున్నాను. అతన్ని ఒకే ప్రశ్న అడిగాను: మూడవ కాంటూరే హద్దయిన తరువాత, శ్రావణంలో కొర్రమీను ఎక్కడికి వెళ్ళి గుడ్లు పెట్టాలి? అతని చెరువులోకి మాత్రం రానివ్వడని మనకు తెలుసు. జవాబు వ్రాస్తే ఒక్క అక్షరం మార్చకుండా, అచ్చుతప్పులు మాత్రం దిద్ది, ఇక్కడే ప్రచురిస్తాను.